కాలరులో పదకొండు పేర్లు

మా వీధిలో ఎవరి చొక్కా అయినా ఇస్త్రీ అత్తయ్య చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఎనభై దాటిన మనిషి. పెట్టెలో బొగ్గులు రాజేసి, బట్ట మీద నీళ్లు చిలకరించి, ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆఖరున చేతులు రుద్దుతుంది. ఈ వరస తప్పితే ఆమెకు అన్నం సయించదు. "కాలరు వంకరైతే మనిషే వంకరగా కనిపిస్తాడు" అంటుంది.

ఒక వానాకాలం ఆమె బల్ల పక్కన కూర్చుని మడతల్లో సాయం చేసేదాన్ని. నా మడతలు ఆమెకు నచ్చేవి కావు. మళ్లీ విప్పి తనే మడిచేది. ప్రతి ఇంటి బట్టలకూ కాలరు లోపల ఆ ఇంటి దారం గుర్తు ఉంటుంది: ఒకరికి ఎర్ర కుట్టు, ఒకరికి పచ్చ. కుప్పలో ఒక్క చొక్కాకు మాత్రం ఏ గుర్తూ కనిపించలేదు.

"ఇదెవరిది అత్తయ్యా? గుర్తు కుట్టడం మరిచిపోయావా?"

"మరుపా? నాకా? కూర్చో, చెబుతా" అంది.

పరాయివాళ్లు దేశాన్ని ఏలుతున్న రోజులవి. అత్తయ్యకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తనవాళ్లంటూ ఉన్నది రేవులో మూటలు మోసే తమ్ముడొక్కడే. రేవంతా సమ్మెకు దిగింది. సమ్మె నడిపినవాళ్లు దొరికితే ఉరేనని ప్రభుత్వం చాటింపు వేయించింది. వాళ్లు పదకొండు మంది. వాళ్లెవరో ఇంకా పోలీసులకు తెలియదు. తెలిసేలోగా పడవెక్కించి దాటించాలి. దాటాలంటే మారుపేర్లతో ప్రయాణ పత్రాలు కావాలి. ఆ పత్రాలు రాసేది లెక్కల మాస్టారు. ఆయన ఇంటి మీద నిఘా ఉంది గనక, ఉతికిన బట్టల మూట తప్ప ఏదీ లోపలికి పోదు. అందుకని పదకొండు పేర్ల కాగితం మాస్టారి చొక్కా కాలరులో పెట్టి కుట్టే పని అత్తయ్యకు పడింది.

"నాకు చదువు రాదు కదమ్మా. మా తమ్ముడే వేలు పెట్టి చూపించాడు, నాలుగో వరసలో వాడి పేరు. ఆ వరసను రాజుకున్న బొగ్గును పట్టుకున్నట్టు పట్టుకున్నా."

మాస్టారి గుర్తు నీలం దారంతో రెండు కుట్లు. పోలీసు అధికారి మీసాల సారు గుర్తు నల్ల దారంతో రెండు కుట్లు. ఆయన మనవాడే, జీతం మాత్రం పరాయివాళ్లది. ఇద్దరివీ తెల్ల చొక్కాలే, మెడ కొలత కూడా ఒకటే. ఆ రోజు ముసురు పట్టింది. బట్టలన్నీ పాకలోనే ఆరేసి ఉన్నాయి. దీపం పసుపు వెలుతురులో నీలమూ నలుపూ ఒకటైపోయాయి.

మర్నాడు మాస్టారు మాసిన తువ్వాలొకటి వంకపెట్టుకుని వచ్చాడు. "ఏమ్మా, కాలరులో గాలి తప్ప ఏమీ లేదే?" అన్నాడు మెల్లగా.

అత్తయ్య చేతిలో పెట్టె కదలకుండా ఉండిపోయింది. కమురు వాసన వచ్చాకే తెలివొచ్చింది. "నా జన్మలో కాల్చిన చొక్కా అదొక్కటే. పాపం, కొత్తది కూడాను!"

మధ్యాహ్నం గుండె చిక్కబట్టుకుని మీసాల సారు ఇంటికి వెళ్లింది. ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఒంటి మీద కాగితం పొరపాటున కుట్టిన ఆ చొక్కానే. పొద్దున్నుంచీ సమ్మెవాళ్ల కోసం ఊరంతా గాలించి వచ్చాడట.

"ఏమే, గంజి పోశావా, సున్నం పోశావా? మెడ కోసుకుపోతోంది!" అని గద్దించాడు.

"చెయ్యి జారిందయ్యగారూ. ఇలా ఇప్పించండి, మళ్లీ ఉతికి తెస్తా."

అంతలో ఆయన భార్య వచ్చింది. "ముందు అది విప్పండి, వేరేది ఇస్తాను" అని చొక్కా తీసుకుంది. కాలరు వేళ్లతో నలిపింది. అత్తయ్య మొహంలోకి ఒకసారి చూసింది. "ఒక్క చొక్కా కోసం రావడమేంటి? వారం మూటలోనే వేస్తాలే, వెళ్లు."

ఆ వారం అత్తయ్య తిన్నదీ పడుకున్నదీ ఆమెకే తెలియదు. వీధిలో బూటు చప్పుడైతే తమ్ముడి కోసమే అనుకునేది. ఎవరూ రాలేదు. వారం మూట వచ్చింది. ఆ చొక్కా వెతికి కాలరు తడిమింది. కాగితం అందులోనే ఉంది! కుట్టు మాత్రం తనది కాదు. విప్పి మళ్లీ కుట్టారెవరో. చిన్న చిన్న కుట్లు, అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. కుడిచేతివాళ్ల కుట్టు అలా వాలదు.

ఈసారి కాగితం మాస్టారి కాలరులోనే వెళ్లింది. నాలుగు రోజులకు పడవ కదిలింది. పదకొండు మందీ బతికారు.

"దణ్ణం పెడదామంటే ఎవరికి పెట్టాలి? ఆ ఇంట్లో వంటావిడ ఉంది, ఆడబిడ్డ ఉంది, సారుగారి భార్య ఉంది. అడిగితే వాళ్లకే ప్రమాదం. మూట ఎత్తుకున్నప్పుడల్లా ఆ గడపకే మనసులో దణ్ణం పెట్టుకున్నా."

పరాయివాళ్లు పోయారు. తమ్ముడు తిరిగొచ్చాడు. కొన్నేళ్లకు సైన్యాధిపతి ఒకడు గద్దెనెక్కి కూర్చున్నాడు. "జెండా మారిందిగానీ లాఠీ అదే" అంది అత్తయ్య. మాట్లాడినవాడినల్లా లోపల వేశారు. తమ్ముడు మాట్లాడకుండా ఉంటాడా? వాడూ జైలుకు పోయాడు. ఖైదీకి వారానికో ఉతికిన చొక్కా ఇవ్వనిచ్చేవాళ్లు. జైలు గోడ వెంట ఆడవాళ్లు చొక్కాలు పట్టుకుని బారులు తీరేవాళ్లు.

ఒకరోజు ఆ బారులో పక్కన కూర్చున్న ముసలావిడ తన కొడుకు చొక్కా చిరుగు కుడుతోంది. ఎడమ చేత్తో. కుట్లన్నీ ఎడమకు వాలుతున్నాయి.

"అలా చూస్తావేంటమ్మా, నా కుట్టు బాలేదా?"

"బాగుందమ్మగారూ. ఇరవై ఏళ్ల కిందటా ఇంతే బాగుంది."

ఆవిడ తలెత్తింది. "గంజి ఎక్కువేసే పిల్లా! నువ్వా?"

మీసాల సారు పోయి అప్పటికే ఆరేళ్లు. ఆ చొక్కా ఆయన ఒంటి మీంచి విప్పించిన భార్యే ఈవిడ.

"ఎందుకు పట్టివ్వలేదమ్మగారూ?"

"చదివాను. పదకొండు పేర్లు. ఒక్కో పేరూ చదువుతుంటే, వీడికి ఎవరు అన్నం పెట్టుకుని ఎదురుచూస్తున్నారో అనిపించింది. పొయ్యిలో వేద్దామనుకుంటే నీ మొహం గుర్తొచ్చింది. పైగా" అని నవ్వింది, "ఊరంతా వెతికే మనిషి మెడలోనే అది దొరికిందంటే ఆయన మీసాలకు మర్యాదేముంటుంది?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే అత్తయ్య ఆవిడ చెయ్యి, ఆ ఎడమ చెయ్యి, కళ్లకద్దుకుంది.

"ఇకనుంచి మీ అబ్బాయి చొక్కా నేనే తెస్తా."

"తే. గంజి మాత్రం తక్కువ వెయ్యి."

మూడేళ్లు వారం తప్పకుండా రెండు చొక్కాలు లోపలికి వెళ్లాయి. చివరికి రేవు మళ్లీ ఆగింది, వీధులు జనంతో నిండాయి, సైన్యాధిపతి పారిపోయాడు. గేటు తెరిచిన రోజు తమ్ముడూ, ఆవిడ కొడుకూ ఇస్త్రీ చొక్కాల్లో నడిచి వచ్చారు. వాళ్లకు ఎదురొచ్చినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారట.

గుర్తు లేని చొక్కా ఆ కొడుకుది. ఇప్పుడతనికీ జుట్టు నెరిసింది. అత్తయ్య దాని కాలరు మీద పెట్టె ఒత్తకుండా, మెల్లగా జరిపింది.

"మనింటి బట్టకు గుర్తెందుకే, పిచ్చిదానా!"