పెదనాన్న మోసిన గురక

మా పెద్దమ్మ పాత సోఫాలకు కొత్త బట్ట తొడిగే పని చేస్తుంది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. అందులో ఎప్పుడూ రెండు మూడు కుర్చీలు పీచూ స్ప్రింగులూ బయటపెట్టుకుని కూర్చుని ఉంటాయి. పెదవుల మధ్య మేకులు పట్టుకుని సుత్తి ఆడిస్తూనే లోకంలోని సమస్యలన్నిటికీ సలహాలు చెబుతుంది. పెదనాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాట తక్కువ మనిషి. అయినా వీధివాళ్లంతా ఆయన్ని ‘ఇంజను గారు’ అనేవారు. గురక తెచ్చిపెట్టిన పేరు అది.

వాళ్ల పెళ్లయిన కొత్తలో, పై వాటాలో ఉండే వయొలిన్ మాస్టారు మెట్ల దగ్గర పెద్దమ్మను ఆపి, “రాత్రి మీ ఇంట్లో రంపం ఏమన్నా ఆడించారా అమ్మా?” అని నవ్వాడట. పెద్దమ్మ ముఖం కందగడ్డలా అయిపోయింది. వెనకే వస్తున్న పెదనాన్న, “నాదేనండీ గురక. చిన్నప్పట్నుంచీ ఉంది” అనేశాడు. ఇక ఆ మాట స్థిరపడిపోయింది.

ఆయన గురక మాన్పించే భారం పెద్దమ్మ తన నెత్తిన వేసుకుంది. వెల్లకిలా పడుకుంటే గురక ఎక్కువవుతుందని ఎవరో చెబితే, ఆయన రాత్రి చొక్కా వీపుకు జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టింది. ముక్కు మీద అంటించే పట్టీలు కొన్నాళ్లు నడిచాయి. తలవైపు మంచం కోళ్ల కింద చెక్కలు పెడితే, తెల్లారేసరికి ఆయన జారి కాళ్లవైపు ముద్దగా పడి ఉండేవాడు. పొట్ట తగ్గాలని రాత్రి తిండి సగానికి కోసేసింది. ప్యాంట్లు వదులైతే వాటికి కుట్లు కూడా తనే వేసింది.

“ఏమన్నా తగ్గిందాండీ?” అని మాస్టారిని అడిగేది.

“తేడా ఏం తెలియట్లేదమ్మా.”

“మనిషి మెత్తనే గానీ, ఈయన గురక మాత్రం మహా మొండిది” అని నిట్టూర్చేది.

నాకు జాలేసి ఒకసారి, “ఆ బంతి గుచ్చుకోదా పెదనాన్నా?” అని అడిగాను.

“అలవాటైపోయిందిలే. నడుము పట్టినప్పుడు బాగానే ఉంటుంది” అన్నాడాయన.

పోయిన ఏడాది కొత్తరకం లిఫ్టుల పని నేర్చుకోమని కంపెనీ ఆయన్ని వేరే ఊరు పంపింది. అప్పుడు నేను పెద్దమ్మ దగ్గరే ఉన్నాను. ఒక పొద్దున మాస్టారు తన కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చి, “ఇంజను గారు అప్పుడే వచ్చేశారా?” అన్నాడు.

“లేదండీ, ఆదివారం వస్తారు.”

“మరి రాత్రి...” అని ఆయన నాలుక కరుచుకున్నాడు.

“రాత్రి ఏమిటి? చెప్పండి.”

“అదే గురకమ్మా. అదే శ్రుతి. ఇన్నేళ్లుగా వింటున్నాను, పొరపాటు పడను.”

పెద్దమ్మ సుత్తి పక్కన పెట్టి, మేకులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది. నా వైపు తిరిగింది. “నువ్వా?”

“నేను నీ పక్కనే పడుకున్నాను పెద్దమ్మా” అన్నాను. దిండు చెవుల మీద పెట్టుకున్న సంగతి కూడా ఒప్పేసుకున్నాను.

వెంటనే పెదనాన్నకు ఫోను చేసింది. “ఏవండీ, మనింట్లో గురక పెట్టేది ఎవరు?”

స్పీకరులో పెదనాన్న గొంతు వినిపించింది. “ఎవరు చెప్పారు?”

“అంటే మీకు తెలుసన్నమాట! మరి ఆ బంతి? ఆ పట్టీలు? సగం కడుపుతో పడుకున్నారు కదండీ!”

“ఆ రోజు మెట్ల దగ్గర నీ మొహం చూడలేకపోయాను. తర్వాత చెబుదామనుకునేసరికి నువ్వు జేబు కుట్టేశావు.”

పెద్దమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో ఆయనే గొంతు తగ్గించి, “నేనే చెబుదామనుకుంటున్నా. ఈమధ్య గురక మధ్యలో నీకు ఊపిరి ఆగుతోంది. తట్టితే గానీ తీసుకోవట్లేదు. ఇక్కడున్నా నాకదే బెంగ” అన్నాడు. నవ్వు ఆగిపోయింది. కొన్నాళ్లుగా పెద్దమ్మకు పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నం కుట్టుమిషను మీదే కునుకు. వయసు మీద పడుతోందనుకుని సరిపెట్టుకుంటూ వచ్చింది మరి.

ఆయన రాగానే ఇద్దరూ చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ఒక చిన్న పరికరం ఇచ్చి, వేలికీ ఛాతీకీ తగిలించుకుని ఇంట్లోనే పడుకోమంది. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని దానిలో తేలింది.

“ఉత్త గురకైతే పక్కకు తిరిగి పడుకున్నా, బరువు తగ్గినా చాలామందికి సర్దుకుంటుంది” అంది డాక్టరమ్మ. “కొందరికి కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్లతొడుగు ఇస్తాం. లోపల అడ్డేమైనా ఉంటే ఆపరేషను. మీకు మాత్రం ముక్కుకు తొడుక్కునే గాలి యంత్రం మంచిది, రాత్రంతా గాలి పంపుతూ ఊపిరి ఆగకుండా చూస్తుంది.”

“బంతి, పట్టీలు, తిండి తగ్గించడం అన్నీ మా ఆయన మీద అయిపోయాయండీ” అంది పెద్దమ్మ.

“ఆయనకీ గురకుందా?”

“లేదండీ.”

డాక్టరమ్మ పెదనాన్న వైపు ఒక చూపు చూసి, మందుల చీటీ చాటున నవ్వుకుంది.

యంత్రంతో మొదట్లో యుద్ధమే జరిగింది. గాలివానలో తల బయటపెట్టినట్టుందని పెద్దమ్మ పీకి పారేసేది. బెల్టులు బుగ్గల మీద గీతలు వేసేవి. డాక్టరమ్మ చిన్న మాస్కు ఇచ్చి, గాలి మెల్లగా పెరిగేలా సరిచేసింది. బెల్టులకు మాత్రం పెద్దమ్మ తనే మిగిలిన మఖమలు ముక్కలతో ఎర్రటి తొడుగులు కుట్టుకుంది. కొన్ని వారాలకు తలనొప్పి పోయింది. మిషను మీద కునుకు పోయింది.

వీధిలో ఆవిడే ఇంటింటికీ చెప్పుకొచ్చింది: “ఇంజను ఆయన కాదు, నేనే!” అయినా జనం పెదనాన్ననే అలా పిలుస్తారు. ఆయన పలుకుతాడు.

‘ఈయన గురకతో మీ నిద్ర చెడుతుంది’ అని ఇన్నేళ్లూ పెద్దమ్మ ఏ చుట్టాలింట్లోనూ రాత్రి ఆగేది కాదు. ఈమధ్య ఇద్దరూ మా ఇంటికి వచ్చారు, సంచిలో యంత్రంతో సహా. ఒక్కపూటకని వచ్చినవాళ్లు వారమైనా కదలలేదు. పెద్దమ్మా అమ్మా పొద్దున్నే వంటగదిలో కూర్చుని చిన్నప్పటి కబుర్లు తవ్వుకుంటుంటే, పెదనాన్న నా దగ్గరికొచ్చి మెల్లగా, “మీ పెద్దమ్మ ఇంకా వారం ఉందామంటోంది. మీకేం ఇబ్బంది లేదుగా?” అని అడిగాడు.

“మీరు గురక పెట్టనంటే ఉండొచ్చు పెదనాన్నా” అన్నాను.