కడగని చేత్తో కలిపిన ముద్ద

బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా మిగతా కబుర్లకు ఎంతైనా నవ్వుకోండి. దీనికి మాత్రం వద్దు.

పోయినేడు పత్తికి పురుగుమందు కొట్టిన రోజది. పొద్దున్నుంచీ మందు ట్యాంకు వీపున మోసి, మధ్యాహ్నానికి గట్టు మీద వేపచెట్టు కిందకి చేరాను. మా ఆవిడ, మా అక్క క్యారేజీ విప్పుకుని కూర్చున్నారు. ట్యాంకు దించుతూనే కథ ఎత్తుకున్నాను.

"పొదిలిలో తాత దగ్గర ఒక ఎద్దుండేది. కల్లంలో మిరపకాయలు నమిలి తుమ్మిందీ... పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం కప్పు ఎగిరి ఒంగోలు బస్టాండులో పడింది!"

"పోయినసారి చీరాల్లో పడిందన్నావు కదరా," అంది అక్క.

"అది రెండో తుమ్మక్కా."

మా ఆవిడ పడీపడీ నవ్వింది. మా ఇంట్లో ఒక పద్ధతుంది. చేలో అన్నం ఒకరే కలిపి అందరి అరచేతుల్లో ముద్దలు పెట్టాలి, కలిపినవాళ్లు ఆఖర్న తినాలి. కలిపేది నేనే. గోంగూర పచ్చడీ నూనే వేసి కలుపుతూ ఎద్దుని ఇంకాస్త పరిగెత్తించాను. మా ఆవిడ ముద్ద పట్టుకుని కళ్లు మూసుకుంది. "ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం తండ్రీ. కలిపిన చేతిని దీవించు. ఆమెన్." మింగేసింది. రెండోదీ మింగింది.

అక్క మాత్రం ముద్దని నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఒరేయ్, మందు కంపు కొడుతోందేంట్రా? చెయ్యి కడిగావా?"

అప్పుడు చూసుకున్నాను నా చెయ్యి. గోళ్ల సందుల్లో తెల్లటి మందు. కడగడం మర్చిపోయాను. నా కడుపులోకి ఒక్క మెతుకు పోలేదు. రెండు ముద్దలూ ఆవిడ కడుపులో ఉన్నాయి.

అక్క ఖాళీ మందు డబ్బా సంచిలో వేసుకుంది. ముగ్గురం బండెక్కాం. గుంతా మిట్టా చూడకుండా యాక్సిలరేటరు తిప్పేశాను. "మెల్లగా పోవయ్యా, పచ్చడికి కాదు, నీ బండికి పోయేట్టున్నాను," అంటోంది మా ఆవిడ. నాకు నవ్వు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు గారు డబ్బా మీద రాసింది చదివారు. ఆవిడని మంచం మీద పడుకోబెట్టి, "సాయంత్రం దాకా చూద్దాం," అన్నారు. కరెంటు లేదు. ఆవిడ నుదురు తుడుచుకున్నప్పుడల్లా అది ఉక్కపోతో విషమో తెలియక నా ప్రాణం జారిపోయేది. మాటలతో బతికేవాణ్ణి, దేవుడితో చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

పొద్దు వాలాక ఇంటికి వెళ్లమన్నారు. దారిలో ఆవిడ ఇడ్లీ అడిగింది. ఒక్కో ముక్కా నమిలి మింగేదాకా ఆ గొంతునే చూస్తూ నిలబడ్డాను. అప్పట్నుంచీ అన్నం ముందు నోరెత్తను. ప్రతి ముద్దనీ చూసి, వాసన చూసి, భయపడే తింటాను. ఇదే నా ప్రార్థన.

ఒక్కచోట కల్పించాను. మర్చిపోయానన్నాను కదా, మర్చిపోలేదు. బోరు నీళ్లు పదడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆవిడ అంతలా నవ్వి చాలా రోజులైంది. లేచి వెళితే ఆ నవ్వు ఆగిపోతుందని, చెయ్యి లుంగీకి తుడిచేసి అన్నంలో పెట్టాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.