మా నాయనమ్మ మోసుకొచ్చిన పెళ్ళి ఫోటో

నా చిన్నప్పుడు నేను ఎదురుగానే చూస్తున్నానంటే ఎవరూ నమ్మేవారు కాదు. మనిషితో మాట్లాడుతున్నా, బోర్డు మీద అక్షరాలు చదువుతున్నా నా మొహం ఎడమ పక్కకి తిరిగి ఉండేది. నాకు మాత్రం అదే తిన్నగా ఉన్నట్టుండేది. తల సరిగ్గా పెట్టమని ఎవరైనా గదమాయిస్తే పెట్టేదాన్ని. కానీ అలా పెట్టినప్పుడు ఎడమ పక్కనున్నవి ఒకటి రెండుగా కనపడేవి. ఆ మాట చెబితే సాకులు చెబుతోందనేవారు. కొన్నాళ్ళకి చెప్పడమే మానేశాను.

మాది పర్చూరు దగ్గర ఒక చిన్న ఊరు. చుట్టూ నల్లరేగడి చేలు, వాటి నిండా పత్తీ మిరపా. మా నాన్న పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. అమ్మ కూలికి పోయేది. మా నాయనమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరేది. ఎర్రగా ఎండిన కాయల రాశిలోంచి తెల్లబారిన వాటిని వేరు చెయ్యడం ఆ పని. ఘాటుకి కళ్ళూ ముక్కూ కారుతున్నా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూపు మళ్ళించకుండా కూర్చోవాలి. ఆవిడ ఏరిన రాశిలో మళ్ళీ చెయ్యి పెట్టక్కర్లేదని కల్లం రైతులు అనేవారు. చదువు మాత్రం రాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, పాట ఒక్క మాట తప్పకుండా పాడేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా మూడు నెలల పరీక్ష జరిగింది. నా ఎడమ పక్కన కూర్చునేది కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. క్లాసులో అందరికంటే బాగా చదివేది తనే. మా మాస్టారు నన్ను రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారి వచ్చి నా పేపరు లాక్కుని చింపేశారు. చేతి మీద స్కేలుతో కొట్టి బయట ఎండలో నిలబెట్టారు. ఇంట్లో వాళ్ళని తీసుకురాకుండా మళ్ళీ బడిలోకి అడుగు పెట్టొద్దన్నారు. నేను చూస్తున్నది ఆ పిల్ల పేపరు కాదు, నా పేపరే. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

జరిగింది ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. అమ్మ విని, చదువు అబ్బని పిల్లని బడికి పంపి మాటలు పడేకంటే పత్తి తీతకి తీసుకుపోతే నయమంది. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. నాయనమ్మ నన్ను దగ్గరకి పిలిచింది.

“కాపీ కొట్టావా?”

“లేదు నాయనమ్మా.”

ఇంకోసారి అడగలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక నన్ను వాకిట్లో చాప మీద కూర్చోబెట్టింది. ఒక చేత్తో నా గడ్డం కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఒక ఎండు మిరపకాయ నా కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది. కాయ ఎటు పోతే అటు చూడాలట, తల మాత్రం కదలకూడదట. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. కుడికి, ఎడమకి, పైకి, కిందకి. తర్వాత ఒక కన్ను మూసి, ఆ తర్వాత రెండోది మూసి. మర్నాడు అదే పని, ఆ మర్నాడూ అదే పని. నాలుగు రోజులు చూసి, నాన్న మిల్లు నుంచి రాగానే నోరు విప్పింది.

“ఎడమ కన్ను ఎడమ పక్కకి పోవట్లేదురా. నడిమికొచ్చి ఆగిపోతంది. కుడి పక్కకి చూస్తే ఆ కన్ను లోపలికి గుంజుకుని, రెప్పల సందు చిన్నదైతంది. కన్ను పోలేని వైపుకి మొహం తిప్పుకుంటంది, అంతేగానీ పిల్ల ఎవుర్నీ చూసి రాయలేదు. ముందు డాక్టరుకి చూపిద్దాం.”

దగ్గరున్న టౌనులో డాక్టరు టార్చి వేసి చూసి, కంటి నరం చచ్చుబడినట్టుందన్నాడు. పిల్లల్లో ఇలా ఉన్నట్టుండి వస్తే తలలో గడ్డ ఉండే ప్రమాదం కూడా ఉంటుందని, ఆలస్యం చెయ్యకుండా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చీటీ రాసిచ్చాడు.

గడ్డ అనే మాట మా ఇంట్లోకి వచ్చాక ఎవరికీ అన్నం సహించలేదు. అమ్మకి రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. బండిలో పత్తి బోరాల మీద తనే నన్ను ఎక్కించి కూర్చోబెడితే, గతుక్కి నేను కింద పడ్డాను. తలకి బొప్పి కట్టింది, రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఇప్పుడు ఆ బొప్పే లోపల గడ్డయిందని, తన చేతులతో తనే పిల్లని పాడు చేశానని అమ్మ ఏడ్చింది. చుట్టుపక్కల వాళ్ళంతా అవునన్నారు. బండి మీద నుంచి పడ్డాకే మెడ తిరిగిందని కొందరు తాము కళ్ళారా చూసినట్టు చెప్పారు. నాయనమ్మ ఒక్కతే కాదంది. పాలు తాగే రోజుల నుంచీ ఈ పిల్ల మొహం ఇలాగే పెడుతుందని అంది. అమ్మ ఏడుపులో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

గుంటూరులో కంటి డాక్టర్ల దగ్గర వరసలో పొద్దుట నిలబడితే మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. ముందు ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. తర్వాత తెల్లజుట్టు పెద్ద డాక్టరుగారు నన్ను తన ముందు స్టూలు మీద కూర్చోబెట్టుకున్నారు.

“ఇది ఎప్పటి నుంచి?”

“రెండేళ్ళయిందండి, బండి మీద నుంచి పడింది” అంది అమ్మ. ఆయన రాసుకున్నారు. అలా అయితే పిల్లని చేర్చుకుని తలకి పరీక్షలు చెయ్యాలని, అవసరమైతే మద్రాసు పంపాలని చెప్పారు. అమ్మ గోడకి ఆనుకుంది.

“పడకముందు నుంచే ఉందండి. పుట్టినప్పటి నుంచీ ఉంది” అంది నాయనమ్మ.

“తల్లి ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు.”

“దాని తల్లి పొద్దున లేస్తే చేలో ఉండేదండి. పిల్లని పెంచింది నేను. నేను చూశాను.”

బంట్రోతు వెనక నుంచి కసిరాడు, పెద్దాయనకే ఎదురు చెబుతావా, పదపదమని. ఆవిడ కదల్లేదు. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి ఆవిడ వంక చూశారు.

“పుట్టుకతో ఉన్నదైతే సంగతి వేరే పెద్దమ్మా. కానీ మాట మీద నమ్మి పిల్ల ప్రాణంతో ఆడుకోలేను కదా. దీని పసితనపు ఫోటో ఏదైనా ఉందా?”

అమ్మ లేదన్నట్టు తల ఊపింది. మా ఇంట్లో ఫోటో అనేదే లేదు.

“ఉందండి. మా చిన్నోడి పెళ్ళి ఫోటో, మార్టూర్లో ఉంది. రేపు తెస్తా” అంది నాయనమ్మ. అని, మమ్మల్ని ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, అక్కడి నుంచే బస్సుకి వెళ్ళిపోయింది.

మా బాబాయి మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే చోట పని చేసేవాడు. ఆ పెళ్ళి ఫోటో వాళ్ళింట్లో గోడకి ఉండేది, మూరెడు పొడుగు చెక్క ఫ్రేములో. ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, ఊడదీస్తే చినిగిపోతుందని బాబాయి అన్నాడట. అయితే ఫ్రేముతోనే ఇవ్వమందట. మర్నాడు పన్నెండు కాకముందే దుప్పట్లో చుట్టిన ఫ్రేముని గుండెలకి హత్తుకుని ఆసుపత్రి గేటు దగ్గర కనపడింది. బస్సులో ఎవరైనా దాని మీద కూలబడతారేమోనని దారంతా నిలబడే వచ్చింది. లోపలికి రాగానే దుప్పటి జారి ఫోటో అంచు కనపడింది. ముసలావిడ పోయిన మనిషి ఫోటో మోసుకొచ్చిందనుకుని వరసలో ఉన్నవాళ్ళంతా జాలిగా పక్కకి తప్పుకున్నారు. ఆవిడ వాళ్ళకేమీ చెప్పలేదు, ఇచ్చిన దారిన నడిచింది.

డాక్టరుగారు ఆ ఫ్రేముని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టి చూశారు. చర్చి మెట్ల మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, చుట్టూ మా వాళ్ళు. చివర్లో అమ్మ ఒళ్ళో పది నెలల నేను. మొహం ఎడమ పక్కకి తిరిగి ఉంది, కళ్ళు మాత్రం సూటిగా కెమెరా వంక చూస్తున్నాయి.

ఆయన వచ్చి మళ్ళీ నన్ను కూర్చోబెట్టుకున్నారు. ఒక్క ఫోటో చూసి చెప్పలేమని చిన్న డాక్టరమ్మతో అంటుండగా నాయనమ్మ ముందుకొచ్చింది.

“కుడి పక్కకి చూపించండయ్యా. మీరు ఎదర నుంచి కాదు, ఇట్టా పక్క నుంచి చూడండి. కన్ను లోపలికి పోయిద్ది.”

ఆయన పక్కకి జరిగి, పెన్ను కుడి వైపుకి మెల్లగా కదిపారు. నేను చూశాను. రెండోసారి కదిపారు, మూడోసారి కదిపారు. తర్వాత చిన్న డాక్టరమ్మని పిలిచి, “చూడు, ఈ పెద్దమ్మ చెప్పింది రాసుకో” అన్నారు.

అప్పుడు ఆ పేరు మొదటిసారి విన్నాను, డ్యూయేన్ సిండ్రోమ్. చాలా అరుదుగా వస్తుందట. కంటిని బయటి పక్కకి లాగే కండకి రావలసిన నరం కడుపులో ఉన్నప్పుడే ఏర్పడదు. దాని బదులు లోపలి పక్కకి లాగే నరం కొమ్మ ఒకటి అక్కడికి కూడా చేరుతుంది. దాంతో కన్ను లోపలి పక్కకి తిరగబోయినప్పుడు రెండు కండలూ ఒకేసారి పట్టి లాగుతాయి, కన్ను వెనక్కి గుంజుకుపోతుంది. ఇది చచ్చుబడిన నరం కాదు, తలలో గడ్డా లేదు, మద్రాసూ అక్కర్లేదు అన్నారాయన.

అమ్మ ఒక్కటే అడిగింది. “అయితే బండి మీద నుంచి పడినందుకు కాదాండీ?”

“కాదమ్మా. నువ్వు చేసిందేమీ లేదు ఇందులో.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసింది, మొహం మాత్రం డాక్టరు వైపే ఉంది.

“బాగవుద్దాండీ?”

ఆయన బాగవదన్నారు. ఆపరేషన్ చేసినా ఆ కన్ను ఆ పక్కకి కదలదని, కానీ ఇంతకంటే ముదరదని, చూపుకి ఢోకా లేదని, మెడ మరీ తిరిగిపోతే అప్పుడు చూద్దామని చెప్పారు. నాయనమ్మ మొహంలో ఏదో ఆరిపోయినట్టయింది. అంత దూరం ఆ ఫ్రేము మోసుకొచ్చింది నాకు నయమవుతుందన్న ఆశతోనేనని నాకు అప్పుడే అర్థమైంది. అయినా అది ఎంతోసేపు లేదు. బల్ల మీది కాగితం ఆయన ముందుకి జరిపింది.

“అయితే ఇదంతా కాగితం మీద తెలుగులో రాసివ్వండి. మా ఊరి మాస్టారికి చూపించాలి.”

ఆయన రాశారు. ఈ పిల్లని తరగతిలో ఎడమ చివర కూర్చోబెడితే బోర్డు కుడి పక్కకి వస్తుందని, అప్పుడు మొహం తిప్పకుండానే చదవగలదని కూడా రాశారు.

సోమవారం నాయనమ్మ నన్ను బడికి తీసుకెళ్ళింది. మాస్టారు కాగితం తీసుకుని లోలోపల చదువుకోబోయారు. “పైకి చదవండయ్యా, పిల్లలు కూడా ఇంటారు” అంది. ఆయన ఒక్క క్షణం ఆవిడ వంక చూసి పైకి చదివారు. కాగితం మడిచి నాయనమ్మ చేతిలో పెట్టి, “నేను సరిగ్గా చూడలేదమ్మా” అన్నారు. నన్ను ఎడమ చివర కిటికీ పక్కన కూర్చోబెట్టారు. చింపేసిన పరీక్ష మళ్ళీ రాయించారు. నా ఎడమ పక్కన గోడ తప్ప ఎవరూ లేరు.

నా కన్ను ఇప్పటికీ ఆ పక్కకి పోదు. దానితోనే చదివాను, టీచరు ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను. ఆ రోజుల నుంచి నాకు మిగిలింది ఒక అలవాటు. మనవాళ్ళ సంగతి డాక్టరు అడిగితే, అందరూ అంటున్నది కాకుండా నేను చూసింది చెబుతాను. చూడకపోతే చూడలేదంటాను. చూసిందైతే ఎవరు కసిరినా వెనక్కి తీసుకోను.

చాలా ఏళ్ళ తర్వాత నాయనమ్మని ఒంగోలులో ఆసుపత్రిలో చేర్చాం. వయసు మీద పడితే ఆయాసం మామూలేనని మా వాళ్ళు అంటున్నారు. డాక్టరు మంచం పక్కన నిలబడి, ఇది ఎప్పటి నుంచి అని అడిగాడు. ముందు కాళ్ళ వాపు ఏ వారం మొదలైందో, అది ఏ కాలికి ముందు వచ్చిందో, ఎప్పటి నుంచి పడుకోలేక కూర్చునే నిద్రపోతోందో, ఏ మందు వేసిన రోజు తగ్గిందో వరసగా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి నేను నర్సునా అని అడిగాడు.

“కాదండీ, ఆవిడ మనవరాలిని” అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్ను తీసి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.