మారక్క కార్డు మీద ఎరుపు

పొద్దున్నే వార్డాఫీసులో హాజరు కోసం ఫోను ముఖం ముందు పెట్టగానే "టింగ్" మంటుంది. మనిషిని గుర్తుపట్టిందని అర్థం. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా చెవిలో మరో చప్పుడు మోగుతుంది, "టక్!" అని. అది మా మొదటి పంచింగ్ మిషనుది. దాని వెంటే మారక్క వచ్చేస్తుంది, కొంగు నడుముకు దోపుకొని, గొంతు ముందు, మనిషి వెనక. మీరు ఆమెను చూడలేదే అని నాకెంత బాధో!

కోయంబత్తూరులో మా తెలుగు కాలనీవాళ్లం చాలామందిమి మున్సిపాలిటీ వీధులు ఊడ్చేవాళ్లం. మారక్క మా అందరి మీదా మేస్త్రి. అమ్మ పోయాక ఆమె చోట నేను టెంపరరీగా చేరాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇద్దరు తమ్ముళ్లు నా జీతం మీదే తినాలి. సరిగ్గా అప్పుడే మిషను వచ్చింది. అబ్బ, ఏం సంబరం! కార్డు దూరిస్తే టక్కుమని టైము అచ్చుపడేది. ఆరు దాటితే నల్ల అంకెలు ఎర్రబడేవి. టెంపరరీవాళ్లకు నెలలో మూడు ఎరుపులు పడితే పేరు కొట్టేస్తారు. నాకు పదిరోజుల్లోనే రెండు పడ్డాయి. ఒకటి జడ వేసుకుంటూ కూర్చున్నందుకు. రెండోదానికి నవ్వకండి. అందరి కార్డులూ పడుతుంటే ఆ చప్పుడు వింటూ, వాళ్లకు దారిచ్చి, నోరు తెరుచుకొని నిలబడిపోయాను. మారక్క నెత్తిన మొట్టింది.

"ఏమే సరసూ, ఇది ఏమన్నా తిరునాళ్లా? నా కార్డు చూడే, ఒక్క ఎరుపు ఉండాదా? ఇంకొకటి పడితే నీ తమ్ముండ్లు ఏం తింటారే?"

నిజమే. అందరి తర్వాత పెట్టినా ఆమె కార్డు నిలువునా నలుపే. దాన్ని పదిమందికి చూపించి మురిసిపోయేది కూడా.

మా ఇళ్లలో గడియారాలు లేవు. మిల్లు సైరనును మేము సంగు అంటాం. ఐదున్నరకు అది కూస్తేనే లేచేవాళ్లం. మారక్క ఒక్కతే అంతకుముందే లేచి పోయేది. ఒకరోజు కూయలేదు. రాత్రికి రాత్రే మిల్లులో సమ్మె మొదలైందట, మాకేం తెలుసు! ఇరవై ఆరుగురం హాయిగా ముసుగు తన్నాం.

ఢమఢమా చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. చెత్తతట్టను చీపురుకట్టెతో బాదుతూ మారక్క వీధిలో పరిగెడుతోంది.

"లేయండే! మిల్లులో స్ట్రైకు! సంగు రాదు! సీక్రం, సీక్రం!"

తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఒకామె నోట్లో పళ్లపొడి, ఇంకొకామె రవిక తిరగేసి ఉంది. నేను జుట్టు విరబోసుకొని, చెప్పుల్లేకుండా పరుగో పరుగు. మారక్క నా రెక్క పట్టుకొని లాగుతూనే ఉంది.

చేరేసరికి ఆరుకు రెండు నిమిషాలు. టక్, టక్, టక్! మారక్క పక్కన నిలబడి ఒక్కొక్కరినీ వీపు మీద తోసి పంపింది. ఆఖరున నేను. కంగారులో కార్డు తలకిందులుగా పెట్టాను. ఆమే లాక్కొని తిప్పి ఇచ్చింది. టక్. నలుపే! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు ఆమె తన కార్డు పెట్టింది. మిషను గడియారంలో ముల్లు అప్పటికే ఆరు దాటిపోయింది. ఎర్రగా పడింది.

మా హాజరు చూసే శానిటరీ ఇన్‌స్పెక్టరు నోరెళ్లబెట్టాడు. ఐదుంబావుకే వచ్చి షెడ్డు తాళం తీసి, సంగు కూయకపోతే మమ్మల్ని లేపడానికి వెనక్కి ఉరికిన మనిషి ఆమె!

"ముందే కార్డు కొట్టి పోవచ్చు కదమ్మా?" అని తమిళంలో అడిగాడు.

ఆయాసంలో ఆమె తమిళం మరిచిపోయి మన మాటలోనే అనేసింది. "నా ఆళ్లు ఎవరూ రాకుండా నే మాత్రం వచ్చినట్టు ఎట్ల అవుతాది సార్?" తర్వాత నా వైపు తిరిగి కన్ను గీటింది. "చూడే, నా కార్డుకూ కుంకుమ పెట్టినారు!"

ఆ కార్డును ఆమె మళ్లీ ఎవరికీ చూపించలేదు. నేను మాత్రం ఊరంతా చెప్పాను.

ఇప్పుడు నేనే మేస్త్రిని, రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఈ ఉదయం మా కొత్తమ్మాయి బస్సు దిగి ఆదరాబాదరా వస్తోంది. "అక్కా, ముందు మీ ముఖం పెట్టేయండి, టైమైపోతాది" అన్నాడు క్లర్కు. నేను ఆ హాజరు ఫోను పట్టుకొని గేటు దాకా ఉరికాను. మోకాళ్ల నొప్పి గుర్తొస్తే ఒట్టు!

"సీక్రం పాపా, ముఖం చూపియ్యి!"

టింగ్. తెర మీద పచ్చగా వచ్చింది. ఫోను నా వైపు తిప్పుకున్నాను. టింగ్. ఎర్రగా వచ్చింది.