ధర అడగకుండా మోసిన ట్యాబు

మా ముత్తాత ఉదయగిరి వైపు మూడు ఊళ్ళకు మునసబు. గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు (దిగితే మోకాళ్ళ నొప్పి సంగతి జనానికి తెలిసిపోతుందని దిగేవాడు కాదని మా అవ్వ అనేది). మా తాత సమితి ప్రెసిడెంటు. ఆయన ఆత్మకూరులో బస్సు దిగితే హోటలు వాళ్ళు ముందుగానే ఒక బెంచీ తుడిచి ఉంచేవారట. మా నాయన రెండుసార్లు సర్పంచిగా గెలిచాడు, మూడోసారి ఓడాడు. గెలుపుకీ ఓటమికీ తేడా చూపకుండా మూడు ఎన్నికలకూ ఒకేలా ఖర్చుపెట్టాడు. ఆ తరువాతివాణ్ణి నేను. నేను బోర్లు లెక్కపెట్టేవాణ్ణి.

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి వెన్నెముక ఒక్కటే పెద్ద ఆస్తి అనిపిస్తుంది. నా విషయంలో ఆ రోజుల్లో అది నిజం కూడా. మిగతావన్నీ పోగా మిగిలింది అదే కనుక, దాన్ని ఎక్కడా వంచకుండా జాగ్రత్తగా మోసుకు తిరిగేవాణ్ణి. ఇప్పుడు అదే వెన్నెముక, కుర్చీలోంచి లేవాలంటే నా చేత బతిమాలించుకుంటోంది. ఒక ఏజెన్సీ వాళ్ళు ఉదయగిరి, సీతారామపురం మండలాల్లో ఉన్న బోర్లన్నీ లెక్కించే పని తీసుకొని, మాలాంటి వాళ్ళను పెట్టుకున్నారు. ప్రతి బోరు దగ్గరికీ నడిచి వెళ్ళాలి, పక్కన నిలబడి ఫొటో తీయాలి, ఎంత లోతు, ఎన్ని నీళ్ళు, ఏ పంట అని ముప్పై ప్రశ్నలు అడిగి అక్కడికక్కడే ఫోనులో నింపాలి. ఫోను మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మా వంశంలో ఒకరి దగ్గర జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. ఇంట్లో దాన్ని జీతం అనేవాళ్ళం కాదు, ప్రాజెక్టు అనేవాళ్ళం.

మే నెలలో ఆ మిట్టల మీద పదకొండు గంటలకే నా ఫోను చేతిలో పట్టుకోలేనంత కాలేది. 'వేడెక్కింది, చల్లారాక వాడండి' అని రాసి చూపించి నల్లబడిపోయేది. చల్లారడానికి దానికి నీడ కావాలి. సీతారామపురం అవతల ఆ వేళకు నాకే నీడ దొరికేది కాదు. ఒకరోజు పందొమ్మిది బోర్లు తిరిగాక ఫోను అలాగే నల్లబడి, మళ్ళీ వెలిగేసరికి ఆ పందొమ్మిదీ అందులో లేవు. సాయంత్రం నెల్లూరు నుంచి సూపర్‌వైజరు ఫోను.

"ఏందన్నా ఇది? పందొమ్మిది బోర్లు ఏమైపోయినాయి? భూమిలోకి పొయ్యినాయా?"

"మొదట్నుంచీ భూమిలోనే ఉండాయి" అన్నాను గంభీరంగా.

"జోకులొద్దు. సోమవారానికల్లా ఎండకు తట్టుకునే మెషీను చూపించు. లేదంటే సీతారామపురం ఇంకొకరికి రాసేస్తా, నువ్వు ఇంటికాడ ఉందువులే."

ఇంటికాడ ఉండే పని మా నాయన అప్పటికే చేస్తున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరికి సరిపడేంత పని కాదది.

ఆత్మకూరులో ఒక ఫోన్ల అంగడి ఉండేది. ఆ అంగడాయన్ను లావుపాటి కళ్ళద్దాల వల్ల అందరూ అద్దాలాయన అనేవారు. నేను ఫలానా వారి మనవణ్ణని తెలియగానే లేచి నిలబడ్డాడు. (అలా లేచి నిలబడేవాళ్ళు అప్పటికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. నేను వాళ్ళ అంగళ్ళకే వెళ్ళేవాణ్ణి.) అల్మారాలోంచి నల్లటి వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు. ట్యాబే గాని ఇటుకంత మందం. నాలుగు మూలలకూ రబ్బరు, వెనక పిడి, మెళ్ళో వేసుకోవడానికి పటకా. "ఎండలో అద్దం మాదిరి కనిపిస్తాది. నీళ్ళల్లో పడినా, మనిషెత్తు నుంచి బండ మీద పడినా దీనికేం కాదు చిన్నయ్యా. మూడు దినాలు తిప్పి చూడండి. నచ్చితే ఉంచుకోండి, లేదంటే శనివారం తెచ్చి ఇచ్చేయండి" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ తాత మా నాయన గుడ్డల అంగట్లో ఎన్ని కొన్నాడో! ఒక్కనాడన్నా ధర అడిగినోడు కాడు. ఆ మనుషులే వేరే" అన్నాడు.

అది మా ఇంటి పద్ధతి. మా ఇంటి మగవాళ్ళు ధర అడగరు. వస్తువు చూస్తారు, నచ్చితే "ఇంటికి పంపించు" అంటారు, వచ్చేస్తారు. వెనకాల గుమాస్తా వెళ్ళి మాట్లాడుకొని వస్తాడు. గుమాస్తా పోయి నా వయసు కన్నా ఎక్కువ కాలమైంది. పద్ధతి మాత్రం అలాగే నిలబడి ఉంది. నేను ట్యాబు మెళ్ళో వేసుకొని, దాని డబ్బా చంకన పెట్టుకొని, ధర అడగకుండా బస్సెక్కాను. బస్సులో డబ్బా నాలుగు వైపులా తిప్పి చూశాను. ధర ఉండే చోట సరిగ్గా అంగడి పేరు కాగితం అంటించి ఉంది.

మర్నాడు మిట్టల మీద నా జోడీగా పనిచేసే పిల్ల ఎదురొచ్చింది. సీతారామపురం వైపు గొర్రెలు మేపుకునే కుటుంబం. నన్ను అన్నా అనేది, నేను చెల్లెమ్మ అనేవాణ్ణి. ఆమె దగ్గర మామూలు ఫోనే ఉండేది. దాన్ని తడిగుడ్డలో చుట్టి స్టీలు క్యారియరు గిన్నెలో పెట్టుకొని, బోరు దగ్గర తీసి, పని కాగానే మళ్ళీ మూత పెట్టేది. నా మెడ కేసి చూసి "ఏందన్నా అది, బయస్కోపు పెట్టెనా?" అంది. ట్యాబు గుణగణాలన్నీ వివరించాను. శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఎంత?"

"అడగలేదు."

"అడగలేదా? మెళ్ళో కట్టుకోని కొండెక్కినావు, ఎంతనేది తెలీదా? రేపు ఆయన నీ ఇల్లు రాసియ్యమంటే?"

"వస్తువు పనికొస్తుందో లేదో తేలాలి. ధర తరువాతి సంగతి" అన్నాను. ఆ మాట చాలా బాగుందని నాకే అనిపించింది.

న్యాయంగా చెప్పాలంటే వస్తువు మంచిదే. నడినెత్తిన సూర్యుడున్నా అక్షరాలు కనిపించేవి. పొద్దుగూకేదాకా చార్జింగు ఉండేది, ఒక్కసారి కూడా నల్లబడలేదు. కానీ బరువు. కిలోకు పైనే. పటకా మెడను ముందుకు లాగేది, నేను వెన్నును వెనక్కి లాగేవాణ్ణి. సాయంత్రానికి ఆ రెండు లాగుళ్ళ మధ్య నేను పూర్తిగా అరిగిపోయేవాణ్ణి. ఒక బోరు దగ్గర ముసలి రైతొకాయన చాలాసేపు చూసి "బడికి పొయ్యేటప్పుడు పలక చేత్తో పట్టుకోవాల అబ్బయ్యా, మెళ్ళో కట్టేది ఎద్దులకి" అన్నాడు. ముప్పై ప్రశ్నల్లో ఇరవై తొమ్మిదింటికి "తెలీదు" అని చెప్పి పంపించాడు.

అసలు పరీక్ష మాత్రం జరగలేదు. మనిషెత్తు నుంచి బండ మీద పడితే పగలదన్నాడు కదా, అది చూడకుండా ఎలా కొనడం? కొనని వస్తువును కావాలని ఎలా పడేయడం? రెండు రోజులు ఈ చిక్కులోనే గడిచాయి. మూడో రోజు దాన్ని చెల్లెమ్మ వాళ్ళ పొట్టేలు తీర్చింది. వాళ్ళ చేలో బోరు ఫొటో తీయడానికి వంగకుండా, కేవలం మోకాళ్ళ మీద కొంచెం కిందికి దిగి, మెళ్ళోంచి తీసిన ట్యాబును ఒక చేత్తో పక్కకు పట్టుకొని, రెండో చేత్తో చెమట తుడుచుకుంటున్నాను. నల్లటి అద్దంలో ఇంకో పొట్టేలు కనిపించింది కాబోలు, ఆ పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసింది. "అన్నా, జరుగు!" అని చెల్లెమ్మ అరిచింది. మా ఇంట్లో అరిస్తే జరిగే అలవాటు లేదు. ట్యాబు ఎగిరి బండ మీద పడింది. నేను బోరు కింద బురదలో పడ్డాను. చెల్లెమ్మ పరిగెత్తుకొచ్చి ముందు పొట్టేలు కొమ్ములు నిమిరి చూసింది, తరువాత ట్యాబు తీసి చూసింది, ఆ తరువాత నన్ను లేపింది. ట్యాబు వెలుగుతూనే ఉంది. అద్దం మూల నుంచి వేలెడు పొడవున ఒక గీత.

గీత పడిన వస్తువును వాపసు ఇవ్వడమంటే, సమితి ప్రెసిడెంటు మనవడు వాడుకొని పాడుచేసి తెచ్చాడని ఆత్మకూరంతా అనుకోవడమే. అంటే కొనాలి. ఎంతకో తెలియదు.

శనివారం చెల్లెమ్మ చార్జరు కొనుక్కోవాలని నాతో ఆత్మకూరు వచ్చింది. అద్దాలాయన కాఫీ తెప్పించాడు. నేను దూరం నుంచి మొదలుపెట్టాను. "ఇట్టాంటివి బాగా అమ్ముడుపోతాయా?" అన్నాను. "యాడ చిన్నయ్యా, అందరూ ఎట్టా కొంటారు? తమరిలాంటోళ్ళు కొనాల" అన్నాడు. "సామాన్యులకు కష్టమేమో" అన్నాను. "సామాన్యులతో మనకేం పని" అన్నాడు. చెప్పడం మర్యాద కాదని ఆయనా, అడగడం పద్ధతి కాదని నేనూ, ఇద్దరం కాఫీ గ్లాసుల అడుగులు చూస్తూ కూర్చున్నాం. చెల్లెమ్మ ఓపిక అయిపోయింది.

"అది ఎంతన్నా?" అంది ఆయనతో.

"ముప్పై ఆరు వేలమ్మా."

"ముప్పై ఆరా! దానికి మూడు గొర్రెలొస్తాయి. అవన్నా ఈనతాయి."

నా ముఖంలో ఏ మార్పూ కనిపించకూడదని వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టి, గీత చూపించాను. అద్దాలాయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి నవ్వాడు. "గీతలు పడేదానికే గదా దీన్ని చేసింది. వాపసు తీసుకుంటాలే చిన్నయ్యా, నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. చెల్లెమ్మ నా చెవి దగ్గరికొచ్చి "ఇచ్చెయ్ అన్నా. క్యారియరు ఒకటి కొనుక్కో. తడిగుడ్డ నేనిస్తా. సూపర్‌వైజరుకు నేను చెప్తా, ఎండకు తట్టుకుంటాదని" అంది.

దారి అంత సులువుగా తెరుచుకుంది. ఇద్దరు మంచివాళ్ళు రెండు వైపులా నిలబడి నన్ను బయటికి పంపించాలని చూస్తున్నారు. నాకు మాత్రం కళ్ళ ముందు ఒకటే కనిపించింది: సీతారామపురం బస్సులో ఒళ్ళో తడి క్యారియరుతో నేను. గొంతు సవరించుకొని, "ఇంటికి పంపించండి" అన్నాను.

"మీ మెళ్ళోనే ఉండాది గదా చిన్నయ్యా" అన్నాడు అద్దాలాయన మెల్లగా.

సోమవారం సూపర్‌వైజరు ట్యాబు ఫొటో చూసి "సరే" అన్నాడు. సీతారామపురం నాకే ఉంది. మూడు వేసవులు దాన్ని మోశాను. నాలుగో ఏడు కొత్త యాప్ అందులో ఎక్కలేదు. ఆ మూడు వేసవులూ చెల్లెమ్మ అదే ఫోను, అదే క్యారియరుతో ఏ రోజు చూసినా నాకన్నా రెండు బోర్లు ఎక్కువే చేసేది, మెడ మీద బరువు లేదు కనుక. ఇప్పుడు ఆమె సూపర్‌వైజరు. నా లెక్కలు ఆమెకే పంపుతాను. పిలవడం మాత్రం ఇంకా అన్నా అనే పిలుస్తుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలు అలాంటి ట్యాబు కొనవచ్చా అని నన్ను అడుగుతుంటారు. ఏజెన్సీ ఇస్తే కళ్ళకద్దుకొని తీసుకోండి, మీ చేతి డబ్బయితే ముందు తడిగుడ్డ పెట్టి ఒక వేసవి చూడండి, అన్నింటికన్నా ముందు ధర అడగండి అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. ధర అడగకుండా ఎవరన్నా ఉంటారా అని. ఆ అంగట్లో మెడ ముందుకు వాలిపోతున్నా నడుము మాత్రం వంచకుండా నిలబడిన కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఎంతసేపు నిలబడతావురా, కాసేపు కూర్చో అనాలనిపిస్తుంది, అంతే.

ట్యాబు కొన్న శనివారానికీ ఆ సోమవారానికీ మధ్య వచ్చిన ఆదివారం, మా ఇంటి పెళ్ళిళ్ళకు ఊరందరికీ వండిపెట్టిన నాలుగు ఇత్తడి గుండిగలు, ఒక గంగాళం వింజమూరులో తూకానికి అమ్మాము.