మసాఫీ ఎత్తు దగ్గర దించిన ఇంజన్

మా బావ 2007లో ఒక పాత జపాన్ వ్యాను కొన్నాడు. అంతకుముందు ఎవరో దాని వెనక సీట్లు తీసేసి మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు అమర్చుకున్నారు. అందులో పడుకోవచ్చు, వండుకోవచ్చు. ఎత్తు మాత్రం ఎక్కదు. మొదటిసారి ఫుజైరాకు బయల్దేరి, మసాఫీ కొండల దగ్గర ఆగిపోయి వెనక్కి వచ్చాం. ఇంజన్ మార్పిస్తానన్నాడు బావ. "మార్పించుండ్రి. ఈసారి గూడ గట్లనే ఆగితే అమ్ముడే" అంది అక్క. ఉద్యోగం వెతుక్కుంటూ వాళ్ల దగ్గర ఉంటున్న నాకు ఆ వ్యాను కావాలి. మేముండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో అప్పటికి సగం ఇళ్లు కడుతూనే ఉన్నారు. నడిచి వెళ్లడానికి ఎక్కడా ఏమీ లేదు. నేను చూసిన ఊళ్లన్నీ ఆ వ్యాను వెనక కిటికీలోంచి చూసినవే.

షార్జాలో పాత విడిభాగాలు అమ్మే వీధుల్లో ఇంజన్ దొరికింది. బిగింపుతో కలిపి రెండున్నర వేల దిర్హమ్‌లు, మూడు రోజుల పని. పాతది అక్కడే ఇచ్చేస్తే కొంత తగ్గిస్తారు. ఆ తగ్గింపు మరీ తక్కువని బావ పాతది ఇవ్వలేదట. ఆ సంగతి నాకు శనివారం పొద్దున మళ్లీ ఫుజైరాకు సామాను సర్దుతుంటే తెలిసింది. మంచం కింద గోనెపట్టా కప్పి, తాళ్లతో కట్టి పాత ఇంజన్ ఉంది.

"అక్కకు చెప్పకు సరితా" అన్నాడు బావ మెల్లగా. "నడిచే ఇంజనే. ఎప్పుడన్న పనికొస్తది."

నేను తలూపి, దాని మీది మంచం ఎక్కి కూర్చున్నాను. నా పక్కన నాలుగు నీళ్ల క్యాన్లు, గుడారం, కుర్చీలు, అక్క సర్దిన బియ్యం, పప్పు, పచ్చడి సీసాలు. కొత్త ఇంజన్ కదా అని అందరం కాస్త ఎక్కువే ఎక్కించాం.

ఆరింటికి బయల్దేరి, దుబాయ్, షార్జా దాటి, ధైద్‌లో ఆగి దిర్హమ్‌కు ఒకటి చొప్పున చాయ్ తాగాం. అక్కడిదాకా వ్యాను హాయిగా నడిచింది. ధైద్ దాటాక ఇసుక పోయి రాళ్ల గుట్టలు మొదలవుతాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా కింద దడేల్‌మనేది.

"ఏం సప్పుడది?" అంది అక్క.

"జాకీ" అన్నాడు బావ.

"జాకీ గింత సప్పుడు జేస్తదా?"

ఎత్తు మొదలైంది. బావ ఏసీ ఆపేశాడు. వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతూనే ఉంది. కొత్త ఇంజన్‌కు బలముంది కానీ రేడియేటర్ పాతదే. రోడ్డు పక్క తివాచీలు, పళ్లు, మొక్కలు అమ్మే శుక్రవారం బజారు దగ్గర ఆవిరి కనబడి బావ పక్కకు తీశాడు. పేరు శుక్రవారం బజారే గానీ వారమంతా తెరిచే ఉంటుంది.

అక్క దిగి బానెట్ వైపు కూడా చూడలేదు. "ఖలాస్. ఇంటికి పోయినంక అమ్ముడే" అంది.

బావ నా వైపు చూడలేదు. నేను చదువుతున్న పుస్తకం మూశాను. "బావా, పాత ఇంజన్ దించేద్దాం" అన్నాను.

"ఏ పాత ఇంజన్?" అంది అక్క.

నేను మంచం కిందికి చెయ్యి చూపించాను. అక్క వ్యాను ఎక్కి మంచం కిందికి వంగి, గోనెపట్టా ఎత్తి చూసింది.

"గుంజలేదనే కదా దీన్ని తీసేసిండ్రు. ఇప్పుడు దీన్నే గుంజుకపోవాల్నా?"

"పారేయబుద్ధి కాలేదు" అన్నాడు బావ.

తివాచీల దుకాణం పఠాన్ నవ్వి, పక్క దుకాణాల నుంచి ముగ్గుర్ని పిలిచాడు. "యల్లా!" అని ఒకర్నొకరు తొందర చేసుకుంటూ అందరూ కలిసి ఇంజన్‌ను దించి దుకాణం పక్కన పెట్టారు. "రహనే దో భాయ్, కోయీ నహీ లే జాయేగా" అన్నాడతను. ఇక్కడే ఉండనివ్వండి, ఎవరూ ఎత్తుకుపోరని అతని ధీమా. బరువు తగ్గాలని అక్క రెండు క్యాన్ల నీళ్లు కూడా అతనికే ఇచ్చేసింది. ముప్పావు గంట చల్లారనిచ్చి, రేడియేటర్‌లో నీళ్లు నింపి, మళ్లీ బయల్దేరాం. ముల్లు సగానికి కాస్త పైన నిలిచింది. మసాఫీ దాటేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఫుజైరా సముద్రం ఒడ్డున అక్క అన్నం వండింది.

మర్నాడు తిరుగు దారిలో అటువైపు ఎత్తు కూడా ఆగకుండానే ఎక్కాం. బజారు దగ్గరికి రాగానే బావ వేగం తగ్గించాడు. పాత ఇంజన్ మీద ఎర్ర తివాచీ ఒకటి మడతపెట్టి ఉంది. పఠాన్ చెయ్యి ఊపాడు.

"ఆపకుండ్రి" అంది అక్క.

బావ ఆపలేదు. ఇల్లు చేరాక వ్యాను అమ్మే మాట కూడా ఎవరూ ఎత్తలేదు. వచ్చే వారం రేడియేటర్ మార్పించమని అక్కే చెప్పింది. ఆ రెండు రోజుల్లో నేను మాట్లాడింది చాలా తక్కువ. బజారు దగ్గర ఆ ఒక్క మాట అనకపోతే మాత్రం నా కిటికీ ఇంకెవరికో పోయేది.

పాత వ్యానుకు ఇంజన్ మార్పించేవారికి ఒక సలహా. రేడియేటర్ కూడా అప్పుడే చూపించండి, పాత ఇంజన్ ఎంతకు పోయినా గ్యారేజీలోనే వదిలేయండి. బయల్దేరే ముందు వెనక కూర్చునేవాళ్లను ఒకసారి అడగండి. మంచం కింద ఏముందో వాళ్లకు తెలుసు.