నాలుగు వందల యూనిట్లు

నెల్లూరు నుంచి తనిఖీకి వచ్చిన కిషోర్ బాబు గారు ఐసు దిమ్మ మీద కూర్చున్నారు. పైన ఊక, ఊక మీద గోనెపట్టా కప్పి ఉండడంతో దాన్ని అరుగనుకున్నారు. కాసేపటికి లేచి, మిగిలిన వివరాలన్నీ గోడకు వీపు ఆనించి, నిలబడే రాసుకున్నారు.

ఆ పట్టా కప్పింది ముత్యాలయ్య. సముద్రం ఒడ్డున కామాక్షమ్మ ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా కంప్రెసర్ నడుపుతున్నాడు. అన్నేళ్లలో ఒక్క యూనిట్ వృథా చేసిన పాపాన పోలేదు. తలుపు సందుల్లో పాత వలల పీలికలు కుక్కేవాడు. మనుబోలు మిల్లు ఊక దిమ్మల మీద జానెడు మందాన పరిచేవాడు. ఒకసారి పెళ్లింట్లో ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోందని, చేతిలో అక్షింతలతోనే వెళ్లి ఆపి వచ్చాడు. ఆ గదిలో మూలనున్న మంచం మీద పెళ్లికొడుకు తాత పడుకుని ఉన్నాడని భోజనాల వేళకు గానీ తెలియలేదు.

కరెంటు రేటు పెరిగాక ఫ్యాక్టరీకి ఊపిరాడడం లేదు. కరెంటు బాగా తాగే పరిశ్రమలకు ప్రభుత్వం రేటు తగ్గిస్తోందని విని కామాక్షమ్మ దరఖాస్తు పెట్టింది.

"మూడు నెలల మీటరు చూస్తారంట ముత్యాలయ్యా. ఇది రాకపోతే మూసుకోవాల్సిందే" అంది.

చుట్టాలొస్తున్నారంటే ముంగిలి ఊడ్చి ముగ్గేసినట్టు, ఆయన ఆ మూడు నెలలూ మీటరును ముద్దుగా చూసుకున్నాడు. ఊక రెండింతలు చేశాడు. ఐసు డబ్బాలు ముంచే తొట్టిలో ఉప్పునీళ్లకు చలి పట్టగానే కంప్రెసర్ ఆపేసేవాడు. ఆ వేడి గదిలో తనకంటూ ఉన్న ఒక్క ఫ్యానూ వేసుకోలేదు.

"ఏం మావా, చెమటతో ఐసు చేస్తా ఉండావా?" అంది చేపల తట్టకు ఐసు కోసం వచ్చిన రెజీనా.

"గవర్మెంటోళ్లు వస్తా ఉండారు. మనల్ని దుబారా మనుషులనుకోకూడదు గదా."

ఇప్పుడు కిషోర్ బాబు గారు ఆ లెక్కే చూస్తున్నారు. కలం కదలడం లేదు.

"పోయినేటికంటే తక్కువ సార్" అన్నాడు ముత్యాలయ్య, ఛాతీ కాస్త విరిచి.

"పెద్దాయనా, నెలకు ముప్పై వేల యూనిట్లు దాటినోళ్లకే ఈ రాయితీ. మీకు నాలుగు వందలు తక్కువొచ్చినాయి."

"అదే సార్, నేనే తగ్గించినా."

మరో మీటరేమైనా ఉందా అని అడిగారు కిషోర్ బాబు గారు. లేదు. కామాక్షమ్మ గోడకేసి చూస్తూ నిలబడింది. ముత్యాలయ్య ఆమె ముఖం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు.

ఆమె తిట్టి ఉంటే ఆయన ఆ పూట అన్నం తినేవాడేమో.

ఫ్యాక్టరీ మూసేసిన రోజు చివరి దిమ్మలు రెజీనా తట్టలకే వెళ్లాయి. లైన్‌మన్ వచ్చి స్తంభం మీద వైరు విప్పేసి వెళ్లాడు. తాళం పట్టుకుని కామాక్షమ్మ గేటు దగ్గర నిలబడింది. ముత్యాలయ్య ఇంకా బయటికి రాలేదు. గది గదికీ వెళ్లి, ఒక్కో స్విచ్చూ ఆపుతున్నాడు.

"స్తంభం మీదే తీసేసినారు గదా. ఇంకా ఆ స్విచ్చులేంది నీకు? ఎంతసేపని నిలబడేది నేను?"

"మళ్లా ఎప్పుడన్నా కరెంటొస్తే, మనం లేకుండా ఊరికే వెలగతా ఉంటాయి గదమ్మా."